కట్టుబడి తెగిన చోట

కుందుర్పి ఊరిని ఆనుకొని దుర్గం ఉంది. ఆ కొండ ఎక్కి చుట్టూ చూస్తే తెలుగు పొలాలు ఎక్కడ ఆగాయో, కన్నడ పొలాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పటం కష్టం. ఎటు చూసినా అదే ఎర్రనేల, అవే గుట్టలు, అదే నీళ్ళు లేని వంక. కిందటేడు కొందరు విద్యార్థులతో కలిసి ఆ దుర్గం ఎక్కాను. దిగేటప్పుడు ఒక కుర్రవాడు నన్ను అడిగాడు: “సార్, మన సీమవాళ్ళకు నరుక్కోవటం నెత్తురులోనే ఉందంటారు. నిజమేనా?”

ఆ ప్రశ్న అడిగినవాడు పరిహాసానికి అడగలేదు. పట్నంలో చదివేటప్పుడు తోటివాళ్ళు “నీ సంచిలో బాంబులేమైనా ఉన్నాయా?” అని నవ్వుతుంటే తానూ నవ్వి ఊరుకున్నవాడు అతను. సినిమాలు చెప్పినదీ, పత్రికలు చెప్పినదీ, ఆఖరుకు తన ఊళ్ళో పెద్దలు మీసం మీద చెయ్యివేసి చెప్పినదీ ఒకటే కావటంతో అతనికి అనుమానం పట్టుకుంది. ఆనాడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి నివ్వలేదు. ఈ వ్యాసం ఆ జవాబుకు సవరణ.

సీమలోని హింసకు మనవాళ్ళు సాధారణంగా రెండు కారణాలు చెపుతారు. ఒకటి నెత్తురు: పాలెగాళ్ళ వంశం, పౌరుషం, పగ. రెండవది నేల: వానలు లేవు, పంటలు లేవు, కనుక మనుషులు కరుకుదేలారు. మొదటిది కేవలం మూఢవిశ్వాసం. రెండవదానిలో కొంత నిజం ఉన్నట్టు కనబడుతుంది గాని పరీక్షకు నిలవదు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినవారు కరువు సీమలో పుట్టినవారు కారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపి, శవాలను కాలువలో పారేసిన నేల కృష్ణా నీళ్ళు పారే నేల. వరి పండినంతమాత్రాన మనిషి మెత్తబడతాడనుకుంటే ఆ రెండు ఊళ్ళు ఆ మాటను అబద్ధం చేశాయి. హింసకు వేళ్ళు నెత్తురులోనూ లేవు, మట్టిలోనూ లేవు. మనిషికీ మనిషికీ మధ్య ఉండే సంబంధాలలో ఉన్నాయి. ఆ సంబంధాలు ఎప్పుడు తెగాయి, ఎవరు తెంచారు, తెగినచోట ఏవి వచ్చి చేరాయి అన్నదే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్నకు కుందుర్పి మంచి స్థలం.

కుందుర్పి దుర్గానికి పాలెగాడుగా ఉండిన కోనేటి నాయకుడు రాయదుర్గం నుంచి బోయలను వెళ్ళగొట్టి అక్కడ స్థిరపడ్డాడని జిల్లా చరిత్రలు చెపుతాయి. 1565లో విజయనగరం ఓడిపోయిన తరువాత, పెద్ద రాజ్యం విరిగి చిన్న చిన్న దుర్గాలుగా చీలిన కాలం అది. అతని వంశంవారు టిప్పు కాలం దాకా రాయదుర్గాన్ని ఏలారు. వారిలో చివరి పాలెగాణ్ణి, ఆదవాని ముట్టడిలో తనకు తోడ్పడినవాడని కూడా చూడకుండా, టిప్పు పట్టి శ్రీరంగపట్నంలో బంధించాడు. 1799లో టిప్పు చనిపోయాక ఆ వంశంలోని ఒకడు రాయదుర్గాన్ని తిరిగి ఆక్రమించబోతే నిజాం సేనాని అతన్ని బందీగా హైదరాబాదు పంపాడు. 1800లో ఈ సీమ కంపెనీ చేతికి వచ్చాక అతన్ని గుత్తికి మార్చారు. అక్కడే రాజ్య ఖైదీగా కాలం గడిపి చనిపోయాడు. కుందుర్పి కొండమీద మొదలైన కథ గుత్తి కొండ కింద ముగిసింది.

పాలెగాళ్ళ కాలం శాంతియుగమని నేననటం లేదు. పొరుగు పాలెం పశువులను తోలుకురావటం, పంట కళ్ళాలు దోచటం, ఒకే పొలానికి ఇద్దరు పన్ను గుంజటం ఆనాడు మామూలే. అయితే ఆ దుర్గం కింద బ్రతికిన సామాన్యుడికి కొన్ని కట్టుబాట్లుండేవి. వాటిలో ముఖ్యమైనది “కట్టుబడి”. పాలెగాడికి అవసరమైనప్పుడు కత్తీ బల్లెమూ పట్టి నిలబడే బంట్రోతుకు కొంత భూమి ఇనాముగా ఇచ్చేవారు. యుద్ధం లేనప్పుడు అతడు దున్నుకునేవాడు, ఊరికి కావలి కాసేవాడు. ఊళ్ళో దొంగతనం జరిగితే సొమ్ము వెతికి తేవటం, తేలేకపోతే నష్టం తాను పెట్టుకోవటం కావలివాడి బాధ్యత. అందుకు ఊరు అతనికి కళ్ళంలో మేర కొలిచేది. ఈ కట్టుబడి బంట్రోతులలో బోయలు చాలామంది. ఆ పనివల్ల వాళ్ళకు గౌరవం ఉండేది, బాధ్యత ఉండేది, ఊరితో లెక్క ఉండేది. ఆయుధం పట్టినవాడు ఊరికి జవాబుదారీగా ఉన్నాడన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

1800 అక్టోబరులో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. అనంతపురం కేంద్రంగా థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. 1807లో తిరిగి వెళ్ళేలోగా సుమారు 80 మంది పాలెగాళ్ళను అణచివేశాడు. కొందరికి పింఛను, కొందరికి చెర, కొందరికి దేశాంతరం. మన పాఠ్యపుస్తకాలలో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. అరాచకం పోయింది, శాంతి వచ్చింది అంటారు. కాని పాలెగాడికి పింఛను ఇచ్చారు, అతని వెంట నడిచిన వేలమంది సంగతి ఏమిటి? బల్లెం పట్టిన చెయ్యి మరునాడు ఏం పట్టుకోవాలి? పాలెగాడి వెనుక బంట్రోతు పేరు ఏ చరిత్రలోనూ లేదు. ఉన్నట్టుండి అతడు ఎవరికీ చెందనివాడయ్యాడు.

కట్టుబడి ఇనాములు వెంటనే అన్నీ పోలేదు. కొన్ని మిగిలాయి, కొన్నింటిమీద పన్ను పడింది, కొన్నింటిని హక్కుదారు చనిపోయినప్పుడల్లా సర్కారు కలుపుకొంది. ఈ కలుపుకోవటం ఎంత మంట రగిల్చిందో 1846లో తెలిసింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తన పింఛను తగాదాతో తిరగబడ్డాడని దొరలు రాసుకున్నారు. పింఛను తగాదా ఒక్కరిది. ఆయన వెంట వందలమంది ఎందుకు నడిచారు? ఇనాములు పోయే భయంతో ఉన్న కట్టుబడి బంట్రోతులు వాళ్ళలో ముఖ్యులు. దొరల రికార్డులే ఈ సంగతి ఒప్పుకున్నాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. తలను ఏళ్ళ తరబడి కోటలో వేలాడదీశారు. హింసను అణచటానికి వచ్చినవారు హింసను ఇంత పచ్చిగా బొమ్మకట్టి నిలబెట్టటం కూడా మన జ్ఞాపకంలో ఉండవలసిన విషయం.

తరువాత 1858లో ఇనాం కమీషను వచ్చింది. సేవకు ఇచ్చిన ఇనాములను సేవ నుంచి విడదీసి, కొంత పన్ను వేసి, సొంత ఆస్తిగా పట్టా ఇచ్చే పద్ధతి మొదలయింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. ఊరి కావలికి ఇక పని లేదు. దొంగను పట్టవలసినవాడు తాలూకా పోలీసు. అతడు ఊరివాడు కాడు, సొమ్ము పోతే తాను పెట్టుకోడు. పోలీసు జీతం పైనుంచి వస్తుంది, అతని జవాబుదారీ కూడా పైకే.

ఇదే సమయంలో రైతుకూ రైతుకూ మధ్య ఉన్న ముడి కూడా వదులవుతూ వచ్చింది. మన్రో పేరుతో నిలిచిపోయిన రైత్వారీ పద్ధతిలో ప్రతి రైతూ విడివిడిగా సర్కారుకు బదులు చెప్పుకోవాలి. మధ్య దళారుల నుంచి రైతును కాపాడాలన్నది మన్రో చెప్పుకున్న ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను శంకించను. ఫలితం మాత్రం వేరు. పట్టా కాగితం మీద ఒక్కడి పేరే ఉంటుంది. వాన రాకపోతే ఆ ఒక్కడే బాకీదారు. 1816లో గ్రామ మునసబులకూ పంచాయితీలకూ తీర్పు చెప్పే అధికారం ఇచ్చారు గాని, వ్యాజ్యాలన్నీ పైకోర్టుల వైపు నడిచాక ఆ పంచాయితీలు పేరుకు మిగిలాయి.

చెరువుల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల వాన పడుతుంది. అది కూడా పడితే. అంత తక్కువ వానతో మనుషులు శతాబ్దాల పాటు బ్రతికారంటే చెరువులే కారణం. చెరువును బాగుచేసేవారికి “దశబంధం” అని ఇనాము ఉండేది. నీళ్ళు ఏ మడికి ఎంతసేపు విడవాలో చూడటానికి నీరుగంటి ఉండేవాడు. కట్ట తెగితే ఊరంతా తట్టా పారా పట్టవలసిందే. సేవ నుంచి ఇనామును విడదీశాక కట్ట ఎవరిది? సర్కారుది. సర్కారు ఎక్కడుంది? అనంతపురంలోనో, బళ్ళారిలోనో ఉంది. పూడిక మీద పూడిక పడింది.

ఇట్లా ముళ్ళన్నీ వదులయిన నేలమీదికి 1876లో ధాత కరువు వచ్చింది. నాడు అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగమే. 1882లో గాని విడి జిల్లా కాలేదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య ఈ జిల్లా జనాభాలో దాదాపు అయిదో వంతు తగ్గిపోయింది. ఒకవైపు జనం రాలిపోతుంటే మరోవైపు రైళ్ళమీద ధాన్యం ధర ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికి కదిలిపోయింది. సహాయపు పనులలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన కొద్దిపాటి డబ్బూ ఇస్తే చాలునని రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ఆ గింజలు తిని రాళ్ళు కొట్టవలసిన మనిషిని ఊరి నుంచి, ఇంటి నుంచి విడదీసి శిబిరంలో పెట్టారు.

మద్రాసు రాజధానిలో 1860 నుంచి 1940 వరకు జరిగిన దోపిడీలను పరిశీలించి డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 1979లో ఒక వ్యాసం ప్రచురించాడు. కరువులు వచ్చి ధాన్యం ధరలు పెరిగిన ఏళ్ళలో దోపిడీలు పెరిగాయని అందులో చూపాడు. ఇందులో ఆశ్చర్యం లేదు. కాని ఆకలి ఒక్కటే కారణమైతే ఆకలిగొన్న ప్రతివాడూ దోపిడీకి దిగాలి. వేలాదిమంది చెట్లకింద నిశ్శబ్దంగా చనిపోయారు. ఆకలి అందరికీ ఉంది. ఆ ఆకలి గుంపుకట్టి షావుకారు ధాన్యపు పాతర మీదికి నడుస్తుందా, దారిన పోయే బండిమీద పడుతుందా, మూలన పడి చచ్చిపోతుందా అన్నది మనుషుల మధ్య మిగిలిన సంబంధాలను బట్టి ఉంటుంది.

సంబంధాలు తెంచి, ఆ తెగిన మనుషులనే నేరస్థులని పిలిచిన కథ మరొకటుంది. అది కొరవల కథ, అంటే ఎరుకలవారి కథ. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు ఎత్తుకొని మెట్ట సీమకు వచ్చి, ఇక్కడి ధాన్యమూ ఇతర సరుకులూ తీసుకొని తిరిగిపోవటం వాళ్ళలో చాలామంది వృత్తి. దారులు లేని ఊళ్ళకు ఉప్పు తెచ్చేవారు వాళ్ళే. ఉప్పుమీద కంపెనీ గుత్తాధికారం 1805లో మొదలయింది. 1871 నాటికి మద్రాసు నుంచి వచ్చే రైలు రాయచూరు దగ్గర బొంబాయి రైలుతో కలిసింది. ఉప్పూ ధాన్యమూ రైలెక్కాయి. అడవి చట్టాలు పశువుల మేతనూ వెదుళ్ళనూ అడ్డుకున్నాయి. ఊరికి ఇక ఎరుకలవాడితో పని లేకపోయింది. పని లేనివాడు ఊరి పొలిమేరలో కనబడితే అనుమానించటం ఊరికి అలవాటయింది. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ పరిణామాన్ని వివరంగా చూపారు.

1871లో ఉత్తరదేశంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక కులంలో పుట్టటమే నేరమయింది. హాజరు వేయించుకోవాలి, సెలవు చీటీ లేకుండా ఊరు దాటరాదు. స్టువార్టుపురం, సీతానగరం వంటి చోట్ల సెటిల్‌మెంట్లు పెట్టి మనుషులను కంచెల మధ్య ఉంచారు. వాళ్ళ శ్రమ చౌకగా దొరికిందన్నది యాదృచ్ఛికం కాదు. మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని తీసేసింది. దేశం మొత్తం మీద అది పోయింది 1952 ఆగస్టు 31న. కాని దాని స్థానంలో అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. జైలు మాన్యువళ్ళలో ఈ కులాలను అలవాటుపడిన నేరస్థులతో కలిపి చూసే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పటానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఒకణ్ణి మొదట వెలివేయటం, వెలిలో వాడు చేసినదాన్ని వాడి పుట్టుకకు అంటగట్టటం. “సీమవాళ్ళ నెత్తురు” అనే మాట కూడా ఈ తర్కం నుంచి పుట్టిందే. నా విద్యార్థి మనసులో నాటుకున్నది ఆ పాత చట్టపు నీడ.

ఇక్కడ మిత్రులు కొందరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. “ఒంటరితనం, తెగిన సంబంధాలు, ఇవన్నీ బూర్జువా సామాజిక శాస్త్రపు మాటలు. హింసకు మూలం దోపిడీ. వర్గాన్ని వదలి మనస్సును పట్టుకుంటే పక్కదారి పడతాం” అని. అభ్యంతరం న్యాయమైనదే. 1897లో దుర్ఖీం ఆత్మహత్యల మీద రాసిన గ్రంథంలో సమాజంతో మనిషి ముడి వదులైన చోట ఆత్మహత్యలు పెరుగుతాయని చూపాడు. ఆ ముడిని ఎవరు, ఎవరి లాభం కోసం వదులు చేశారన్న ప్రశ్నను ఆయన మనం కోరినంత గట్టిగా వెయ్యలేదు. ఆ ప్రశ్న మార్క్సుది. లూయీ బోనపార్టు కుట్రమీద 1852లో రాసిన గ్రంథంలో ఆయన ఫ్రెంచి చిన్నరైతు సంగతి ఎత్తుకున్నాడు. లక్షలాదిమంది ఒకే రకంగా బ్రతుకుతున్నారు, కాని ఎవరి చెక్క వారిది. వారి ఉత్పత్తి పద్ధతే వారిని ఒకరి నుంచి ఒకరిని వేరు చేస్తున్నది. కనుక వారు తమంతట తాము ఒక వర్గంగా నిలబడలేక, పైనుంచి తమను కాపాడే యజమాని కోసం చూస్తున్నారని ఆయన తేల్చాడు. ఒంటరితనం ఇక్కడ మనోవ్యాధి కాదు. అది ఉత్పత్తి సంబంధాల ఫలితం. దోపిడీకీ హింసకూ మధ్య ఉన్న వంతెన అది.

ఈ మాట పట్టుకొని సీమ ముఠాలను చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. “ముఠాలో ఉన్నవాడు ఒంటరివాడెట్లా అవుతాడు? అతని చుట్టూ యాభైమంది ఉన్నారే!” అనవచ్చు. నిజమే. కాని ఆ యాభైమందికీ ఒకరితో ఒకరికి ఉన్న సంబంధం ఏమిటి? ప్రతివాడి తాడూ పైనున్న నాయకుడి చేతిలోనే ఉంది. కోర్టు ఖర్చు ఆయన పెడతాడు, పెండ్లికి అప్పు ఆయన ఇస్తాడు, పోలీసు స్టేషనుకు ఆయన మనిషి వస్తాడు. చెరువు పోయింది, పంచాయితీ పోయింది, కావలి పోయింది. రైతుకు సర్కారుతో మాట్లాడే దారి లేదు. ఆ దారిని నాయకుడు అద్దెకు ఇస్తాడు. అద్దె ఏమిటంటే అవసరమైనప్పుడు వేటకొడవలి పట్టటం. ఊరు రెండుగా చీలాక నడుమ నిలబడే చోటు ఉండదు. ఏ వీధిలో నడవాలో, ఎవరి పెండ్లికి పోవాలో, ఏ గుర్తుకు ఓటు వెయ్యాలో ముఠాయే చెపుతుంది. పక్కింటివాడితో మాట తెగినకొద్దీ నాయకుడితో ముడి బిగుసుకుంటుంది.

పాత కట్టుబడికీ ఈ ముఠాకూ పోలిక ఉందనిపిస్తుంది. పోలిక పైకి మాత్రమే. బంట్రోతు ఊరికి జవాబుదారీ. ముఠా మనిషి ఊరికి జవాబుదారీ కాడు. 1984 జనవరిలో వంశపారంపర్యపు రెడ్డి, కరణాల పదవులు రద్దయినప్పుడు గ్రామపెత్తనం పోయిందనుకున్నాం. పెత్తనం సారా వేలంపాటలకూ, రోడ్ల కాంట్రాక్టులకూ, గనులకూ, శాసనసభకూ మారింది. 2005 జనవరి 24న అనంతపురం నడిబొడ్డున ఒక శాసనసభ్యుణ్ణి, పరిటాల రవీంద్రను, కాల్చి చంపినప్పుడు రాష్ట్రమంతా బస్సులు తగలబడ్డాయి. పత్రికలు రెండు కుటుంబాల పగ అని రాశాయి. రెండు కుటుంబాల పగకు అంతమంది ఎందుకు చావాలి అన్నది ఎవరూ అడగలేదు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది రెండు మూడు ఎకరాల మెట్ట ఉన్నవాళ్ళు, అది కూడా లేనివాళ్ళు.

ఇప్పుడు కుందుర్పి మాట. ఈ మూలన ముఠా బాంబులకంటే మరొక హింస ఎక్కువ కనబడుతుంది. అది తనమీద తానే చేసుకునే హింస. ఒకప్పుడు కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ, కంది కలిపి చల్లిన మెట్టలో వేరుశనగ ఒక్కటే నిలిచింది. పది పంటలున్నప్పుడు ఒకటి పోయినా రెండు చేతికి వచ్చేవి. పనికి మనుషులు ఒకరికొకరు బదులు వచ్చేవారు. వేరుశనగకు విత్తనం కొనాలి, మందు కొనాలి, కూలి డబ్బుగా ఇవ్వాలి. చెరువు ఎండింది కనుక బోరు వేశారు. చెరువుకూ బోరుకూ ఉన్న తేడాను మనం నీళ్ళ లెక్కలోనే చూస్తున్నాం. చెరువు పదిమందిది. నిండితే అందరికీ నిండుతుంది, ఎండితే అందరికీ ఎండుతుంది. బోరు ఒక్కడిది. నా బోరు లోతుకు పోతే నీ బోరు ఎండుతుంది. నేల అడుగున కనబడకుండా సాగే ఈ పోటీలో పక్క పొలంవాడే శత్రువు. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అది ఎండితే మరొకటి. ప్రతిదానికీ అప్పు. ఆ అప్పు సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పనివాళ్ళున్నారు.

1990ల చివరి నుంచి అనంతపురం జిల్లాలో రైతుల ఆత్మహత్యలు వార్తలయ్యాయి. 2004 జూన్‌లో వచ్చిన 421వ నంబరు జీవో చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలూ, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలూ ఇవ్వాలన్నది. ఆ సహాయం ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, కాదనను. కాని పద్ధతి చూడండి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు, ముగ్గురు వచ్చి ఈ చావు నిజమైన రైతు ఆత్మహత్యేనా అని విచారిస్తారు. పట్టా ఎవరి పేరుమీద ఉంది, అప్పు కాగితం ఉందా అని అడుగుతారు. కౌలురైతుకు కాగితం ఉండదు. బ్రతికి ఉన్నప్పుడు ఒంటరిగా అప్పుపడినవాడు చచ్చాక కూడా ఒంటరిగానే రుజువు చూపించుకోవాలి. ఊరంతటి కరువు విడి విడి దస్త్రాలయింది. ఇతరులమీద ఎత్తిన కొడవలికీ తన గొంతులో పోసుకున్న పురుగుమందుకూ మధ్య దూరం మనమనుకున్నంత లేదు. రెండూ మాట్లాడే దారి మూసుకుపోయిన మనిషి చేతలు.

అయితే పాత ఊరికి తిరిగి పోదామా? ఎంతమాత్రం కాదు. ఆ పాత “కలిసి ఉండటం”లో మాదిగవాడ ఊరికి బయట ఉంది. చెరువుకట్ట పనికి అందరూ పిలవబడ్డారు గాని నీళ్ళు ముట్టే హక్కు అందరికీ లేదు. మన సమాజంలో అన్నిటికంటే పాత వెలి అదే, అన్నిటికంటే పాత హింసా అదే. కారంచేడులో గొడవ మొదలైంది తాగే నీళ్ళ చెరువు దగ్గరే అన్నది మరువరాదు. కనుక మనకు కావలసింది తెగిన పాత తాళ్ళను ముడివేయటం కాదు. పైకీ కిందికీ లాగే తాళ్ళు కాకుండా, సరిసమానుల మధ్య కొత్త ముళ్ళు వేయటం.

అది సాధ్యమని చెప్పటానికి పుస్తకాలు వెతకనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది చూడండి. రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవటానికి ఆడవాళ్ళు ఒకచోట కూడారు. అంతవరకు ప్రతి ఇంట్లోనూ తాగివచ్చిన మగవాడి దెబ్బలు ఆ ఇంటి రహస్యం, ఆ ఒక్క ఆడమనిషి కర్మ. ఒకచోట కూర్చున్నాక ఆ రహస్యం అందరిదీ ఒకటేనని తెలిసింది. సారా దుకాణం మూయించారు. ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకు పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. ముఠాలకు డబ్బు పోసే వేలంపాటలే ఆగిపోయాయి. తరువాత మద్యం వేరే దారిన వచ్చింది నిజమే. కాని కుదువబెట్టిన బ్రతుకుల మీద నడిచే పెత్తనాన్ని కదిలించటానికి పలకా బలపమూ పట్టిన ఒక రాత్రిబడి చాలిందన్న సంగతి మాత్రం ఎవరూ చెరపలేరు.

మన సీమలోనూ ఇటువంటి జాడలున్నాయి. తరిమెల ఊళ్ళో పుట్టిన నాగిరెడ్డి, విద్వాన్ విశ్వం కలిసి అనంతపురం నుంచి నవ్యసాహిత్యమాల పేరుతో పుస్తకాలు అచ్చువేసిన కాలంలో, ఆ పుస్తకాలు చదువుకోవటానికి కూడిన యువకులే తరువాత రైతుల మధ్యకు వెళ్ళారు. విశ్వం 1956లో “పెన్నేటి పాట” ప్రచురించినప్పుడు కరువును దేవుడి కోపంగా కాక ఒక మనిషి బ్రతుకుగా చూపాడు. ఎవరి కరువు వారిదే అనుకునేవాళ్ళకు అది అందరి కరువు అని తెలిసింది. సాహిత్యం చేయగలిగిన పని అదే. దానికంటే ఎక్కువ చేస్తుందని గొప్పలు చెప్పుకోనక్కరలేదు, తక్కువ చేస్తుందని సిగ్గుపడనక్కరలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మన పిల్లలకు పాలెగాళ్ళ పౌరుషం పాఠంగా చెప్పకండి, మన్రో శాంతినీ పాఠంగా చెప్పకండి. బంట్రోతు ఇనాము ఏమయింది, నీరుగంటి ఎక్కడికి పోయాడు, ఉప్పు తెచ్చే ఎరుకలవాడిని దొంగ అన్నది ఎవరు అని అడిగించండి. తమ ఊరి చెరువు ఆయకట్టు ఎంత, ఎప్పుడు చివరిసారి నిండింది, ఊళ్ళో బోర్లు ఎన్ని, ఎండినవి ఎన్ని, బెంగుళూరు కూలికి పోయిన ఇళ్ళు ఎన్ని అని లెక్క రాయించండి. ఆ లెక్క రాయటానికి పిల్లలు రెండు ముఠాల వీధుల్లోనూ నడవాలి, ఊరి బయటి వాడలోనూ నడవాలి. అది కూడా ఒక ముడి.

ఇక నా విద్యార్థికి జవాబు. నీ నెత్తురులో ఏమీ లేదు, నాయనా. నువ్వు దిగివచ్చిన ఆ దుర్గం కింద రెండు వందల ఏళ్ళుగా మనుషుల్ని ఒకరి నుంచి ఒకరిని విడదీశారు. విడిపోయినవాళ్ళ చేతికి కొడవలి ఇచ్చినవాడొకడు, పురుగుమందు అమ్మినవాడొకడు. వచ్చే వేసవిలో ఆ చెరువు పూడిక తీయటానికి ఎవరెవరు వస్తారో ఊళ్ళో అడిగి చూడు. వచ్చినవాళ్ళ పేర్లు రాయి. రానివాళ్ళ ఇళ్ళకు ఇంకొకసారి వెళ్ళు.